నిశ్చలమైన గాలి

కొత్తగా దూరదర్శినిని కొన్నవారు మొదటి రాత్రే శనిగ్రహాన్ని చూడగోరుతారు. తీరా చూస్తే, పుస్తకంలోని వలయాలకు బదులు నీటి అడుగున వణికే పసుపుచుక్క కనబడుతుంది. వెంటనే కటకం నాసిరకమని నిందిస్తారు. తొలినాళ్లలో నేనూ అలాగే నిందించాను. కాని దోషం చాలాసార్లు గాలిది. కొన్నిసార్లు మనం ఎంచుకున్న చోటుది.

నక్షత్రకాంతి ఏండ్ల తరబడి శూన్యంలో చెదరక ప్రయాణించి, చివరకు భూమి వాతావరణంలో చెదరిపోతుంది. వేడిగాలి, చల్లగాలి కాంతిని వేర్వేరుగా వంచుతాయి. అవి ఎడతెగక కదలుతూ ఉండడం వల్లనే నక్షత్రాలు మిణుకుమంటాయి. అవి తీవ్రంగా మిణుకుమనే రాత్రి దూరదర్శిని వృద్ధీకరణను పెంచితే, బింబంతోపాటు వణుకు కూడా పెద్దదవుతుంది. ఎత్తైన పర్వతాల మీది నిశ్చలమైన గాలియే దీనికి విరుగుడని న్యూటన్ 1704లో ప్రచురించిన తన కాంతిశాస్త్ర గ్రంథంలోనే సూచించాడు.

ఇందులో ఒక చిత్రం ఉంది. వాన వెలిసి గాలి వీచే రాత్రి ఆకాశం కడిగినట్లు ఉంటుంది. అయినా గ్రహాలు వణకవచ్చు. పలుచని మంచు కమ్మి, గాలి స్తంభించిన రాత్రి నక్షత్రాలు కొద్దిగానే కనబడినా, గురుగ్రహం మీది పట్టీలు స్పష్టంగా తేలవచ్చు. స్వచ్ఛత వేరు, నిశ్చలత వేరు.

మన ఇండ్ల మేడమీది కాంక్రీటు కప్పు పగటి వేడిని రాత్రి చాలాసేపు విడుస్తూనే ఉంటుంది. దానికంటె పెరటిలోని గడ్డినేల మేలు. పరికరాన్ని అరగంట ముందుగానే బయట ఉంచి చల్లారనివ్వాలి. దిగంతం నుంచి 30 డిగ్రీల ఎత్తులో ఉన్న గ్రహపు కాంతి, నడినెత్తిన ఉన్న గ్రహపు కాంతి కంటె రెట్టింపు గాలిని దాటవలసి ఉంటుంది. కనుక గ్రహం పైకి వచ్చేదాకా ఓపిక పట్టాలి.

వీధిదీపాల వల్ల చంద్రునికి, గ్రహాలకు పెద్ద నష్టం లేదు. ఆండ్రోమెడా గెలాక్సీ వంటి మసకవెలుగులు మాత్రం వాటిలో మునిగిపోతాయి. హైదరాబాదులో 1901లో నిజామియా వేధశాల ప్రారంభమైంది. ఆ తరువాత కాలంలో ఉస్మానియా విశ్వవిద్యాలయం తన 48 అంగుళాల దూరదర్శినిని నగరానికి దూరంగా, జపాల్, రంగాపూర్ గ్రామాల వద్ద నెలకొల్పింది. పెరటి పరిశీలకునికి అటువంటి వీలు ఉండదు. ఒక గోడచాటు చూసుకొని, కన్నులు చీకటికి అలవాటు పడడానికి ఇరవై ముప్పై నిమిషాలు ఆగడమే అతడు చేయగలిగినది.

నేను నిందించిన ఆ కటకంతోనే, ఒక మంచురాత్రి తెల్లవారుజామున, శనివలయం గ్రహానికి అంటకుండా విడిగా నిలిచి ఉండడం చూశాను.