ఋణం, విద్య, సంత: శ్రీనికేతన్ నేర్పే పాఠం



విశ్వవిద్యాలయం గల పట్టణం అనగానే మనకు తరగతి గదులు, పరీక్షలు, పట్టాలు స్ఫురిస్తాయి. ఆ విద్యాలయానికి కూతవేటు దూరంలో నాగలి పట్టే రైతుకు, సూది పట్టే గృహిణికి దానివల్ల ఒనగూడిన ప్రయోజనమేమిటని ప్రశ్నించేవారు అరుదు. ఈ ప్రశ్నను నూరేళ్ళ క్రితమే తనకు తాను వేసుకొన్న చిన్న పట్టణం ఒకటి మన దేశంలో ఉన్నది. అది పశ్చిమ బెంగాల్ రాష్ట్రం, బీర్భూమ్ జిల్లాలోని బోల్‌పూర్. శాంతినికేతన్, దానికి సుమారు మూడు కిలోమీటర్ల దూరంలోని శ్రీనికేతన్ ఈ పట్టణాన్ని ఆనుకొనే ఉన్నాయి.

రవీంద్రనాథ్ ఠాగూర్ 1901లో ఇక్కడ ఐదుగురు విద్యార్థులతో పాఠశాలను ఆరంభించారు. 1921లో అది విశ్వభారతిగా రూపొందినది. 1951లో పార్లమెంటు చట్టం ద్వారా కేంద్రీయ విశ్వవిద్యాలయమైనది. మన తెలుగువారికీ ఈ సంస్థతో అనుబంధమున్నది. ఆంధ్ర రాజకీయ రంగంలోను, సాహిత్య రంగంలోను ప్రసిద్ధులైన బెజవాడ గోపాలరెడ్డి గారు అక్కడి విద్యార్థులే. ఋణగ్రహీతలమైన మనం అంతకంటె ముఖ్యంగా తెలుసుకోవలసినది, ఆ కవి గ్రామీణ ఋణ విషయంలో చేసిన కృషి.

కవి స్థాపించిన బ్యాంకు

నేడు బంగ్లాదేశ్‌లో ఉన్న పతిసర్‌లో ఠాగూర్ కుటుంబానికి జమీందారీ ఉండేది. వడ్డీ వ్యాపారుల చేతిలో రైతులు నలిగిపోవడం చూచి రవీంద్రులు 1905లో అక్కడ ఒక కృషి బ్యాంకును నెలకొల్పారు. 1913లో తమకు లభించిన నోబెల్ బహుమతి ధనంలో లక్ష రూపాయలకు పైగా ఆ బ్యాంకులోనే జమ చేశారు. ఆ డిపాజిట్టు రైతులకు ఋణంగా ఉపయోగపడాలి, దానిపై వచ్చే వడ్డీ శాంతినికేతన్ పాఠశాలకు చెందాలి అన్నది వారి ఏర్పాటు.

1930లలో ఆర్థిక మాంద్యం వల్ల పంటల ధరలు పడిపోయాయి. బెంగాల్ ప్రభుత్వం రైతుల రక్షణార్థం ఋణ పరిష్కార చట్టాన్ని తెచ్చినది. ఆ రోజులలో రైతుకు అట్టి ఉపశమనం అవసరమే. అయితే బాకీలు వసూలు కాక చిన్న బ్యాంకు నిలువలేకపోయినది. కవిగారి సొమ్ము తిరిగి రాలేదు. ధర పడిపోయిననాడు రైతుతో పాటు అతనికి అప్పిచ్చిన సంస్థ కూడా మునుగుతుందని ఈ అనుభవం చెప్పుచున్నది.

శ్రీనికేతన్ పద్ధతి

ఋణమొక్కటే చాలదని గ్రహించడానికి రవీంద్రులు ఈ నష్టం వరకు వేచి ఉండలేదు. 1906లోనే తమ కుమారుడు రథీంద్రనాథ్‌ను వ్యవసాయ విద్యకై అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయానికి పంపారు. 1922 ఫిబ్రవరి 6న సురుల్ గ్రామంలో గ్రామ పునర్నిర్మాణ కేంద్రం ప్రారంభమైనది. అదే శ్రీనికేతన్. దానికి తొలి సారథి ఇంగ్లండు దేశస్థుడైన వ్యవసాయ శాస్త్రజ్ఞుడు లెనార్డ్ ఎల్మ్‌హర్స్ట్.

వారు మొదట చేసిన పని ధన సహాయం కాదు, పరిశీలన. ఈ పల్లె ఎందుకు క్షీణించినది? రైతుకు ఏమి కొరవడినది? విచారించగా మలేరియా ఒక ప్రధాన శత్రువని తేలినది. జ్వరంతో మంచం పట్టిన రైతు చేతికి పెట్టుబడి ఇచ్చినా అది మందులకే ఖర్చవుతుంది కదా! కనుక ఆరోగ్య సహకార సంఘాలు, గింజలు దాచుకొనే ధర్మగోలాలు, సహకార పరపతి సంఘాలు, చేతిపనుల శిక్షణ ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. 1928లో కవి స్వయంగా మేడి పట్టి హలకర్షణోత్సవాన్ని ఆరంభించారు. విద్యావంతుడు నాగలిని గౌరవించడం నేర్వాలన్నది అందలి భావం.

నేటి విజయాలు

ఆ కృషి ఫలాలు నేటికీ కనిపిస్తున్నాయి. రథీంద్రనాథ్, వారి సతీమణి ప్రతిమాదేవి ప్రోత్సహించిన బాతిక్ అద్దకం, తోలు పని ఈ ప్రాంతపు పల్లెలలో జీవనోపాధులుగా పాదుకొన్నాయి. శాంతినికేతన్ తోలు వస్తువులకు భౌగోళిక గుర్తింపు లభించినది. నానూరు మొదలైన ప్రాంతాల స్త్రీలు కుట్టే కాంథా పనికి దేశమంతటా గిరాకీ ఉన్నది. శ్రీనికేతన్‌లో వ్యవసాయ విద్యా విభాగము, రథీంద్రుని పేరిట కృషి విజ్ఞాన కేంద్రము పనిచేస్తున్నాయి. 2023 సెప్టెంబరు 17న శాంతినికేతన్ యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరినది. 2025 మార్చిలో ఒక వ్యవసాయ శాస్త్రజ్ఞుడు ఉపకులపతిగా బాధ్యతలు స్వీకరించారు. అంతకు ముందు 2023 నవంబరు నుండి తాత్కాలిక ఉపకులపతులతోనే పాలన సాగినది.

రాబోయే సంవత్సరపు సవాళ్ళు

మొదటి సవాలు సంత. 1894 నుండి జరుగుతున్న పౌష మేళా ఇక్కడి చేతిపనివారికి పంట కోత వంటిది. ఏడాది పొడవునా తయారైన సరుకు డిసెంబరు నెలాఖరులో అమ్ముడుపోతేనే దారానికి, తోలుకు తెచ్చిన బాకీ తీరుతుంది. 2019 తరువాత విశ్వవిద్యాలయం ఈ మేళాను కొన్నేళ్ళు నిర్వహించలేదు. కొందరు వేరొక చోట ప్రత్యామ్నాయ మేళాలు జరిపారు. 2023లో జిల్లా యంత్రాంగం పాత మైదానంలో నిర్వహించినది. 2024లో విశ్వభారతి, శాంతినికేతన్ ట్రస్టు తిరిగి చేపట్టాయి. మేళా లేని ఏడాది వాయిదా ఎట్లు కట్టాలో ఆ కుట్టుపని చేసే తల్లిని అడిగితే తెలుస్తుంది. మేళా తేదీలు, దుకాణాల కేటాయింపు ముందుగానే నిశ్చయమైతే ఆమె అప్పు ఎంత తీసుకోవాలో లెక్క కట్టుకోగలదు.

రెండవది పరిశుభ్రత. మేళా వల్ల కలిగే కాలుష్యం విషయమై జాతీయ హరిత ట్రిబ్యునల్ జోక్యం చేసుకొన్నది. సోనాఝురి తోపులో శనివారపు సంతగా మొదలై దాదాపు నిత్య సంతగా మారిన అంగడి విషయం కూడా ఆ ట్రిబ్యునల్ ముందుకు వెళ్ళినది. అక్కడి ఎర్రమట్టి వానకు తేలికగా కొట్టుకుపోయే నేల. చెట్ల వేళ్ళు బయటపడితే తోపూ నిలువదు, సంతా నిలువదు. అట్లని ఒక్కసారిగా సంత ఎత్తివేస్తే వందలాది కుటుంబాల కూడు పోతుంది. హద్దు నిర్ణయించడం, చెత్త తరలించడం, అసలు చేతిపనివారికి ముందుగా స్థలం ఇవ్వడం, ఈ మూడూ కలిసి జరగాలి.

మూడవది కల్తీ. యంత్రంపై కుట్టిన వస్త్రాన్ని చేతి కాంథా అని తక్కువ ధరకు అమ్మేవారు ఉన్నారు. వారసత్వ గుర్తింపుతో యాత్రికులు పెరిగితే లాభం మధ్యవర్తికి పోవచ్చు, స్థలాల ధరలు పెరిగి చేతిపనివారు ఊరి వెలుపలికి పోవలసి రావచ్చు.

మనం గ్రహించవలసినది

రైతు సోదరులారా, డీలర్ మిత్రులారా! ఈ కథ బెంగాల్‌దే అయినా పాఠం మనది కూడా. బాపట్లలో 1945 నుండి వ్యవసాయ కళాశాల ఉన్నది. ఇట్టి విద్యాలయమో, కృషి విజ్ఞాన కేంద్రమో మీకు అందుబాటులో ఉండవచ్చు. ఋణానికి దరఖాస్తు వ్రాసే ముందు ఒకసారి అక్కడికి వెళ్ళి రండి. ఏ సరుకు తయారు చేస్తాము, ఎవరి వద్ద నేర్చుకొంటాము, ఎక్కడ, ఏ నెలలో అమ్ముతాము అను మూడు ప్రశ్నలకు సమాధానం చేతిలో ఉంచుకొని బ్యాంకుకు రండి. వాయిదాల గడువును అమ్మకపు నెలతో సరిపోల్చమని మేనేజరు గారిని అడగండి.

కుమ్మరి, బుట్టల అల్లిక, బొమ్మల తయారీ, దర్జీ పని మొదలైన 18 వృత్తులవారికి 2023లో ఆరంభమైన పి.ఎం. విశ్వకర్మ పథకం క్రింద హామీ లేకుండా, 5 శాతం వడ్డీపై, తొలి విడత లక్ష, మలి విడత 2 లక్షల రూపాయల వరకు ఋణ సౌకర్యం ఉన్నది. శిక్షణ కూడా అందులో భాగమే. డీలర్లు అరువుపై సరుకు ఇచ్చేటప్పుడు దాని నాణ్యత, వాడే విధానం కూడా వివరించి చెప్పిన పక్షంలో బాకీ వసూలు సులభమవుతుంది.

ఋణం విత్తనం వంటిది. విద్య దానికి నీరు, ఆరోగ్యం దానికి నేల, సంత దానికి కోత. వీటిలో ఏ ఒక్కటి లోపించినా గింజ ఇంటికి చేరదు. రాబోయే సంవత్సరంలో మీ ఊరి పద్దులో ఈ నాలుగూ సరిగా ఉన్నవో లేవో ఇప్పుడే సరిచూచుకొనండి.