గేరుపెట్టె, చమురు, కారుమబ్బు

పూర్వము మన కర్నూలు, కడప జిల్లాల రైతులు బండి కట్టుటకు ముందు ఇరుసునకు కందెన పెట్టెడివారు. కందెన లేని ఇరుసు కిర్రుమనును, వేడెక్కును, తుదకు అరిగిపోవును. హెలికాప్టరులోను ఈ సూత్రమే పనిచేయును. అయితే అచ్చట ఆధారపడి యుండునవి ప్రాణములు.

హెలికాప్టరు ఇంజను నిమిషమునకు వేలకొలది చుట్లు తిరుగును. తలపైనుండు పెద్ద రెక్కలు కొన్ని వందల చుట్లు మాత్రమే తిరుగవలెను. వేగమును తగ్గించి శక్తిని రెక్కలకు అందించునది గేరుపెట్టె. ఇంజన్లు రెండున్నను ముఖ్యమైన గేరుపెట్టె సాధారణముగా ఒక్కటే. దాని పండ్లచక్రముల నడుమ పలుచని చమురుపొర యుండును. అది లోహములు ఒరసికొనకుండ కాపాడును, పుట్టిన వేడిని మోసికొనిపోవును. పంపు ఈ చమురును పీడనముతో నడపును. పీడనము పోయినచో పొర చెదరి, పండ్లు కాలి విరుగును. 2009 మార్చి 12న కెనడా తీరమున ఒక హెలికాప్టరులో చమురు వడపోతను పట్టియుంచు టైటానియం మరలు విరిగి చమురంతయు కారిపోయినది. అది సముద్రములో కూలగా 18 మందిలో 17 మంది మరణించిరి. కావున చమురు ముల్లు పడిపోయినప్పుడు చోదకుడు కలవరపడుట సహజమే.

అదే సంవత్సరము సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి వై.యస్. రాజశేఖరరెడ్డిగారు బేగంపేటనుండి చిత్తూరు జిల్లాకు బెల్ 430 హెలికాప్టరులో బయలుదేరిరి. ఒక గంటయైనను గడువకముందే అది నాటి కర్నూలు జిల్లాలోని నల్లమల అడవిలో, పావురాలగుట్టపై కూలినది. అందున్న ఐదుగురును మరణించిరి. శకలములు మరునాడు కనబడినవి.

గేరుపెట్టె చెడుటవలననే కూలినదా? విచారణసంఘము అట్లు చెప్పలేదు. చమురు పీడనమును గూర్చిన చిక్కొకటి చోదకులకు ఎదురైనది. దాని హద్దులు తెలుపు పుటకై వారు పుస్తకములో ఆరు నిమిషములకు పైగా వెదకిరి. ఆ వేళ చుట్టును వానమబ్బులుండెను. తీవ్రమైన దిగుడుగాలిలో చిక్కి, అదుపు తప్పి, హెలికాప్టరు మిక్కిలి వేగముతో నేలకు దిగినదని సంఘము నిర్ణయించినది.

దిగుడుగాలి యన నేమి? కారుమబ్బులో వానచినుకులు గాలిని క్రిందికి లాగును. చినుకులు ఆవిరియగుటచే గాలి చల్లబడి, బరువెక్కి, మరింత వేగముగా దిగును. గాలి సెకనుకు 15 మీటర్లు దిగుచున్నదనుకొందము. అందు హెలికాప్టరు సెకనుకు 7 మీటర్ల చొప్పున పైకెక్క యత్నించినను, నేలవైపు 8 మీటర్లు దిగుచునే యుండును. ఏటి వడికి ఎదురీదువాడు వెనుకకు కొట్టుకొనిపోవుట వంటిదే ఇది. గుట్టలపై ఎగురునప్పుడు క్రింద మిగులు ఎడమును తక్కువే.

విద్యార్థులారా, ప్రయోగశాలలో ఒక మాపకము వింత అంకె చూపినప్పుడు మన చూపంతయు దానిపైననే నిలుచును. ప్రక్కన మండుచున్న దీపమును మరచిపోదుము. అందుకే విమానశిక్షణలో నేర్పు మొదటి నియమమిది: ముందు ఎగురుట సరిచూడుము, పిమ్మట దారి, ఆ పిమ్మటనే తక్కినవి. ఒకరు పుస్తకము తెరచినప్పుడు రెండవవారి కన్ను ఆకాశముపై నుండవలెను.