ఆవేశవాచకములు: రష్యను భాషనుండి యాంగ్లమునకు

నిఘంటువులయం దేకార్థకములుగాఁ బఠింపఁబడు పదములు ప్రయోగమున నేకార్థకము లగుట యరుదు. ఒక్క భాషయందే యిట్లుండఁగా రెండు భాషల నడుమ నీ చిక్కు రెట్టింపగుచున్నది. ముందువెనుక లాలోచింపక, మనస్సునఁ బుట్టిన వేగమునకు లోఁబడి పనిచేయు స్వభావమును దెలుపు పదము లిందులకు మంచి యుదాహరణములు. ఆంగ్లమున నీ స్వభావమునకు ‘ఇంపల్సివ్’ అనునది సామాన్యపదము. రష్యను భాషలోనో ‘పొరీవిస్తియ్’, ‘వ్‌స్పీల్చివియ్’, ‘ఒప్రొమేత్చివియ్’, ‘గొర్యాచియ్’, ‘ఇంపుల్సీవ్నియ్’ అని పెక్కు పదములు గలవు. వీనిలో దేనికైనను అనువాదకుఁడు తొందరలో నా యొక్క యాంగ్లపదమునే వ్రాసిపోవుట కవకాశ మున్నది. ఇది కేవలము పదముల తగవు కాదు. ఒక మనుష్యు నావేశపరుఁ డనుట యతని శీలమునుగూర్చి తీర్పు చెప్పుట. నవలయం దా తీర్పు పాఠకుని సానుభూతిని మార్చును. న్యాయస్థానమున శిక్షాకాలమునే మార్చవచ్చును.

మొదట నాంగ్లపదముల వ్యుత్పత్తిని విచారింపవలయును. ‘ఇంపల్సివ్’ లాటిను భాషనుండి వచ్చినది. ‘పెల్లెరె’ యను ధాతువునకు నెట్టుట, త్రోయుట యని యర్థము. నాడికొట్టుకొనుటను దెలుపు ‘పల్స్’ అను పదమును ఈ ధాతువునుండియే పుట్టినది. కావున నీ పదమున నొకఁడు త్రోయఁబడుచున్నాఁడను భావ మిమిడియున్నది. ‘ఇంపెచ్యుయస్’ అనునదియు లాటినునుండి వచ్చినదే. కాని దాని ధాతువగు ‘పెతెరె’కు ఒకదానిపైకిఁ బోవుట, దానిని గోరుట యని యర్థము, ఇచటఁ ద్రోయఁబడుట లేదు, తానే దుముకుట యున్నది. ‘రెక్‌లెస్’ దేశ్యపదము, ‘రెక్’ అనఁగా లక్ష్యపెట్టుట, అది లేనివాఁడని యర్థము. ఇట్లు ఆంగ్లమునందే త్రోపు, దూఁకుడు, లక్ష్యరాహిత్యము అని మూఁడు భావములు వేఱువేఱుగా నున్నవి. అయినను ‘ఇంపల్సివ్’ తక్కినవానిని గప్పివేయునంత వాడుకలోనికి వచ్చినది.

ఇఁక రష్యను పదములు. సంస్కృతవ్యాకరణ మెఱిఁగినవారి కా భాషయందు మిగుల నాసక్తి కలిగించునది యుపసర్గవ్యవస్థ. ఒక్క హృఞ్ ధాతువునకుఁ బ్ర, ఆ, సం, వి, పరి యను నుపసర్గములు చేరఁగాఁ బ్రహారము, ఆహారము, సంహారము, విహారము, పరిహారము అని యర్థములు దూరదూరములకుఁ బోవుట మనకుఁ బరిచితమే. రష్యనున ‘ర్వత్’ అనఁగాఁ జించుట, తెంచుట. దీనినుండి పుట్టిన ‘రీవ్’ అను రూపమున కుపసర్గములు చేరఁగా ‘వ్‌జ్రీవ్’ అనఁగాఁ బ్రేలుడు, ‘ఒబ్రీవ్’ అనఁగాఁ గొండచఱియ, ‘పెరెరీవ్’ అనఁగా విరామము, ‘రజ్రీవ్’ అనఁగాఁ దెగిపోవుట యగుచున్నవి. 1869లో వెలువడిన గొన్చరోవు నవల పేరు ‘ఒబ్రీవ్’ అనుటయు నిచటఁ దలఁపఁదగినది.

‘పొరీవ్’ అనునదియు నీ కుటుంబములోనిదే. దీనికిఁ బ్రసిద్ధార్థము గాలివిసురు. ఆ యర్థమునుండియే మనస్సున హఠాత్తుగా లేచు నావేగమునకు నీ పదము చెల్లుచున్నది. ఉదారమైన ‘పొరీవ్’, ఆత్మయొక్క ‘పొరీవ్’ అని రష్యనులు ప్రశంసగా వాడుదురు. ఇందుఁ ద్రోసినవాఁడు లేఁడు. కట్టు తెంచుకొని వచ్చిన గాలి యున్నది. దీనిని ‘ఇంపల్స్’ అని తెనిఁగించినట్లు ఆంగ్లించినచో నామమున నంతగా దోషము లేదు, ఆంగ్లమునను ఉదారమైన ‘ఇంపల్స్’ అను ప్రయోగ మున్నది గనుక. విశేషణమునకు వచ్చునప్పటికిఁ జిక్కు కలుగును. ‘పొరీవిస్తియ్’ అనునది గాలికిని, చేతులు కాళ్లు కదల్చు తీరునకును, మనస్సునకును సమముగాఁ జెల్లును. ఆంగ్లమున ‘ఇంపల్సివ్’ అనఁగానే వివేకలోపమను నీడ పడుచున్నది. అందువలన ఒక యువతి ‘పొరీవిస్తియ్’గా లేచి తల్లిని గౌఁగిలించుకొనెనని రష్యను రచయిత వ్రాసినచోట నాంగ్లపాఠకునకు నామె వివేకము లేనిదని తోఁచుట యనువాదదోషమే యగును.

ఆ ధాతువునుండి పుట్టిన మఱియొక పదము ‘నద్రీవ్’. ఇది మోయఁజాలని బరువెత్తి లోపల నరము తెగుటవంటిది. తన గాయమును దానే కెలకికొనుచు నతిశయమునకుఁ బోవు నావేశమునకు దొస్తయేవ్‌స్కీ దీనిని వాడినాఁడు. 1879–80లలోఁ బ్రకటితమైన ‘కరమాజోవు సోదరులు’ అను నవలలో నాలుగవ పుస్తకమునకు నీ పదము బహువచనమున శీర్షిక. 1912లో దానిని ఆంగ్లీకరించిన కాన్‌స్టన్స్ గార్నెట్ ‘లేసరేషన్స్’ అని, అనఁగాఁ జీలికలని వ్రాసినది. 1990లో పెవియర్, వొలొఖోన్‌స్కీ దంపతులు ‘స్ట్రెయిన్స్’ అని, అనఁగా బిగింపులని వ్రాసిరి. మొదటిది ధాత్వర్థమగు చీల్చుటను నిలుపుకొన్నది. రెండవది తెగుటకు ముందున్న యీడ్పును బట్టుకొన్నది. రెండును సగము సరియైనవి. ఉపసర్గము, ధాతువు కలిసి యిచ్చు నర్థమును ఉపసర్గము లేని యొక్క పదమున నిముడ్చుట యెంత కష్టమో యీ శీర్షికయే చెప్పుచున్నది.

ఇఁకఁ బ్రత్యయవిచారము. పాణిని మూఁడవ యధ్యాయము రెండవ పాదమునఁ దచ్ఛీలము, తద్ధర్మము, తత్సాధుకారిత్వము అను నర్థములలోఁ గొన్ని ప్రత్యయములను విధించినాఁడు. దయాళువు, నిద్రాళువు, సహిష్ణువు అను రూపము లట్లు సిద్ధించినవి. నిద్రాళు వనఁగా నిపుడు నిద్రించుచున్నవాఁడు కాఁడు, నిద్రించు శీలము గలవాఁడు. రష్యనున ‘చివ్’ అను ప్రత్యయ మీ పనినే చేయుచున్నది. మఱచుటనుండి ‘జబీవ్చివియ్’, అనఁగా మఱపు శీలముగాఁ గలవాఁడు, నొచ్చుకొనుటనుండి ‘ఒబీద్చివియ్’, అనఁగా నూరక నొచ్చుకొనువాఁడు, నమ్ముటనుండి ‘దొవేర్చివియ్’. ఇట్లే గుప్పున మండుటనుండి ‘వ్‌స్పీల్చివియ్’ పుట్టినది. ఇతఁడు తొందరపడువాఁడు మాత్రమే కాఁడు, ముక్కుమీఁదఁ గోపము గలవాఁడు. అతని వేగము కోపవేగము. దీనిని ‘ఇంపల్సివ్’ అనుట యతివ్యాప్తి. ‘హాట్-టెంపర్డ్’ అనుట సరిపడును.

ఈ పదమునకు జోడుగా రష్యనులు తఱచు ‘ఒత్ఖోద్చివియ్’ అను మఱియొక తచ్ఛీలరూపమును జేర్తురు. ‘వ్‌స్పీల్చివియ్, కాని యొత్ఖోద్చివియ్’ అనుట వారి పలుకుబడి. తొలఁగిపోవుట, వెనుకకుఁ బోవుట యను నర్థముగల ధాతువునుండి యది పుట్టినది. ఎంత త్వరగాఁ గోపము వచ్చునో యంత త్వరగాఁ బోవువాఁడని భావము. ఆంగ్లమున నీ రెండవదాని కొక్క పదము లేదు. కోపము నిలువనివాఁడని వాక్యముగాఁ జెప్పవలసినదే. బద్ధకమువలన దానిని విడిచిపెట్టిన యనువాదకుఁ డొక మనుష్యుని దోషమును మాత్రము నిలిపి, దానిని క్షమింపఁజేయు గుణమును దుడిచివేయుచున్నాఁడు.

విశేష్యమునుబట్టియు భేదము కలదు. ‘వ్‌స్పీల్చివియ్’ మనుష్యునకును, అతని స్వభావమునకును జెల్లును, కార్యమునకుఁ జెల్లదు. ‘నెఒబ్దూమన్నియ్’, అనఁగా నాలోచింపఁబడనిది, కర్మార్థమున నేర్పడిన రూపము గనుకఁ గార్యమునకుఁ జెల్లును. తల క్రిందుగాఁ బరువెత్తుటను దెలుపు క్రియావిశేషణముతోఁ జుట్టమైన ‘ఒప్రొమేత్చివియ్’ రెంటికిని జెల్లును. విసరుట యను నర్థముగల ధాతు విందున్నది. ఆంగ్లమున ‘ర్యాష్’ దీనికి సన్నిహితము, అదియు మనుష్యునకును కార్యమునకును జెల్లును గనుక. ‘గొర్యాచియ్’ అనఁగా వేఁడియైనది. మండుటను దెలుపు దాని ధాతువు సంస్కృతమున ఘర్మ శబ్దముతో నొక మూలమునుండి పుట్టినది. దానినుండి వచ్చిన ‘స్‌గొర్యచా’ యను నవ్యయము ‘ఆ వేఁడిలో’ నను నర్థమున వాడఁబడును. ‘స్‌గొర్యచా’ మాటాడినవాఁ డావేశశీలుఁడు కానక్కఱలేదు. శాంతుఁడును ఒకప్పు డట్లు మాటాడవచ్చును. శీలమును దెలుపు పదమును, ఒక క్షణమును దెలుపు పదమును ఒక్కటిగాఁ జేయరాదు.

పరభాషనుండి తెచ్చుకొన్న పదములు సులభముగాఁ గనఁబడి యెక్కువ మోసపుచ్చును. ‘ఇంపుల్సీవ్నియ్’ అనునది లాటినుమూలమైన పదమే. మనస్తత్త్వశాస్త్రమున నిది ‘ఇంపల్సివ్’కు సరిపోవును, ఇంటిమాటలలో నిది కొంత పుస్తకవాసన గలది. దీని మూలమగు ‘ఇంపుల్స్’ భౌతికశాస్త్రమున నాంగ్లమున ‘మొమెంటమ్’ అనఁబడుదానికిఁ బేరు. ఆంగ్లపు ‘ఇంపల్స్’కు రష్యనులు ‘బలముయొక్క యింపుల్స్’ అని చెప్పుకొందురు. రూపసామ్య మర్థసామ్యము కాదనుట కింతకంటె నిదర్శన మక్కఱలేదు.

‘అఫ్ఫెక్త్’ అనునది యింతకంటె గొప్ప యపాయము. ఆంగ్లమున ‘అఫెక్ట్’ మనస్తత్త్వశాస్త్రమున నే భావమునకైనఁ జెల్లు సామాన్యసంజ్ఞ. రష్యనున ‘అఫ్ఫెక్త్’ అనఁగా మనుష్యుని స్వాధీనము తప్పించు తీవ్రక్షోభము. ‘కరమాజోవు సోదరులు’లో మీత్యాపైఁ బితృహత్యాభియోగము వచ్చినపు డీ మాట న్యాయశాస్త్రసంజ్ఞగా జనుల నోళ్లలోఁ బడి పరిహాసాస్పద మగును. రష్యాలో 1864 నాఁటి సంస్కరణముచే జ్యూరీ విచారణములు క్రొత్తగా వచ్చియుండెను. ఆ కాలపు సంభాషణమున నిది క్రొత్త ఫాషను మాట. గార్నెట్ దీనికి ‘ఆబరేషన్’ అని వ్రాసినది. ఆ పదమునకుఁ ద్రోవతప్పుట యని యర్థము. అందు బుద్ధిభ్రమము వచ్చినది గాని క్షోభవేగము పోయినది.

ఈ భేదము నేఁటికిని గ్రంథమాత్రము కాదు. 1996 నాఁటి రష్యను సమాఖ్య నేరస్మృతిలో 107వ యధికరణము హఠాత్తుగాఁ బుట్టిన తీవ్రమనఃక్షోభమున, అనఁగా ‘అఫ్ఫెక్త్’ స్థితిలోఁ జేసిన హత్యను వేఱు నేరముగాఁ జెప్పుచున్నది. హతుఁడు చేసిన హింస, ఘోరావమానము వంటివి దానికిఁ గారణమై యుండవలయును. ఒక్కని హత్యకు దాని పరమశిక్ష 3 సంవత్సరముల నిర్బంధము. సామాన్యహత్యకు 105వ యధికరణముచే 6 మొదలు 15 సంవత్సరముల వఱకు నిర్బంధము కలదు. ఇంగ్లండున 2009 నాఁటి శాసనము ‘లాస్ ఆఫ్ కంట్రోల్’, అనఁగా స్వాధీనభంగము, అను రక్షణము నేర్పఱచినది. అది సిద్ధించినచో హత్య తక్కువ నేరమగును. కాని యా భంగము హఠాత్తుగాఁ గలిగినదా కాదా యనునది యచటఁ బ్రధానము కాదని శాసనమే చెప్పుచున్నది. రష్యను శాసనమున హఠాత్త్వము లక్షణములోనిది, ఆంగ్లశాసనమునఁ గాదు. కావున నొక సాక్షి నిందితుని ‘వ్‌స్పీల్చివియ్’ అనఁగా, అది యతని నిత్యస్వభావమును జెప్పినట్లేగాని, యా దినమున నతఁడు ‘అఫ్ఫెక్త్’లో నుండెనని చెప్పినట్లు కాదు. దుబాసి రెంటికి నొక్క యాంగ్లపదమును వాడినచో, సాక్షి చెప్పని మాటను న్యాయాధిపతి విన్నవాఁ డగును.

పదమే లేకుండ నావేశమును దెలుపు మార్గ మొకటి రష్యను క్రియలకుఁ గలదు. ‘అతఁడు తీసికో, చెప్పు’ అని యక్షరార్థము వచ్చునట్లు, ‘ఒన్ వొజ్మీ ద ఇ స్కజీ’ అని విధ్యర్థరూపములతో భూతకాలకథ చెప్పుదురు. ఇచట నాజ్ఞ యేమియు లేదు. ఎవరు ననుకొనకుండ నతఁడు చటుక్కునఁ జెప్పివైచెనని భావము. లోట్ ప్రత్యయమునకు విధిభిన్నమైన యర్థముండుట పాణినీయులకు వింత కాదు; క్రియాసమభిహారమున, అనఁగాఁ బౌనఃపున్యమున, లోట్టును మూఁడవ యధ్యాయము నాలుగవ పాదమున విధించియున్నాఁడు. అర్థము వేఱైనను, ఆజ్ఞారూప మాజ్ఞను విడిచి క్రియాతీవ్రతను దెలుపుట సమానము. దీని నాంగ్లమునకుఁ దెచ్చువారు ‘చటుక్కున’ నను నవ్యయమునైనఁ జేర్పవలయును. లేనిచో నావేశమంతయు జారిపోవును. తెలుఁగున ‘చెప్పివైచెను’, ‘అనివైచెను’ అనుచోట ‘వైచు’ ధాతు వించుమించుగా నీ పని చేయుచున్నది.

ఆంగ్లమునుండి రష్యనునకు మరలునపు డీ ప్రశ్నలే తలక్రిందుగా వచ్చును. ‘ఇంపల్సివ్’ అని యొక్క మాటతో నాంగ్లరచయిత విడిచిన దానిని రష్యను విడువనీయదు. కోపమా, ఔదార్యమా, అవివేకమా, మనుష్యుఁడా, కార్యమా, శీలమా, క్షణమా యని యడుగును. పూర్వాపరసందర్భమును జదువక యీ ప్రశ్నలకు నిఘంటువు బదులు చెప్పఁజాలదు.

ఆంగ్లము ద్వారమునఁ దెలుఁగైన రష్యను గ్రంథములు గలవు గనుక నీ విచారము తెలుఁగువారికిఁ బరాయిది కాదు. ‘పొరీవ్’ మొదట ‘ఇంపల్స్’ అయి, పిదప ‘ప్రేరణ’ యయినచో గాలివిసురు రెండుమాఱులు చల్లారినట్లు. తెలుఁగున నావేశము, ఉద్రేకము, దుడుకు, తొందరపాటు, ముక్కోపము అని వేఱువేఱు పదములు సిద్ధముగా నున్నవి. సాహసశబ్దము సంస్కృతమున బలవాచియగు సహశ్శబ్దమునుండి పుట్టి, ధర్మశాస్త్రమున బలాత్కారమును, కావ్యమున నవివేకమును దెలిపి, నేఁటి తెలుఁగున ధైర్యమునకుఁ బేరైనది. ఒక్క భాషలోనే నింద ప్రశంస యగుట కది సాక్ష్యము. వేగ మెచ్చటినుండి పుట్టినది, అది శీలమా క్షణమా, చెప్పినవాఁడు మెచ్చుచున్నాఁడా నిందించుచున్నాఁడా యను మూఁడు ప్రశ్నలకు మూలమునందు సమాధానము దొరకిన పిదపనే లక్ష్యభాషలోఁ బదమును వెదకుట న్యాయము.