కుక్కచేత మందు మింగించడం



చంటిపిల్లకి మందు పొయ్యడానికి ఉగ్గుగిన్నె ఉంది. పశువుకి వెదురుగొట్టం ఉంది. పెంపుడు కుక్క దగ్గర ఈ రెండూ పనికిరావు. అది ముందు వాసన చూసి, ఆ తర్వాతే నోరు తెరుస్తుంది. మందు వాసన తగిలిందా, మంచం కిందికి దూరుతుంది.

మన గోదావరి జిల్లాల ఉక్కకి కుక్కలకి పిడుదుల బెడద ఎక్కువ. అవి గోడ పగుళ్ళలో దాక్కుని, కుక్కని పట్టి రక్తం పీలుస్తాయి. దానివల్ల ఒక రకం జ్వరం వస్తుంది. ఈ జ్వరానికి డాక్టర్లు సాధారణంగా డాక్సీసైక్లిన్ ఇచ్చి, సుమారు 28 రోజులు వాడమంటారు. నాలుగు రోజులకే కుక్క లేచి అన్నం తింటే, 'తగ్గిందిగా, పాపం ఇంకెందుకు' అని మానేస్తాం. రోగం లోపలే ఉండి మళ్ళీ తిరగబెట్టవచ్చు. కాబట్టి ఒక్కరోజు బలవంతం చేసి గెలిస్తే చాలదు. రేపు కూడా అది మన దగ్గరికి రావాలి.

ముందు ఆకలిమీద ఉన్నప్పుడు తిండితో ప్రయత్నించండి. ముళ్ళు తీసిన చేపముక్కో, ఉడికించిన గుడ్డో చిన్న ముద్దలు చెయ్యండి. మొదటిది ఉత్తిది, రెండోదాంట్లో బిళ్ళ, వెంటనే మూడోది. మూడో ముద్ద ఆశతో రెండోదాన్ని నమలకుండా మింగేస్తుంది. గిన్నెడు అన్నంలో మందు కలిపితే మాత్రం సగం వదిలేస్తుంది. డాక్సీసైక్లిన్ లాంటి మందుల్ని పాలతో, పెరుగన్నంతో పెట్టకండి, సరిగా ఒంటబట్టవు. ఉల్లి, వెల్లుల్లి వేసిన కూర అసలే వద్దు, అవి కుక్క రక్తాన్ని పాడుచేస్తాయి.

తిండితో సాగకపోతే పక్కన కూర్చుని, ఎడమచేత్తో పైదవడ పట్టుకుని, కుడిచేత్తో కిందిదవడ దించి, బిళ్ళని నాలుక మొదట్లో పెట్టాలి. నోరు మూసి గొంతు నిమిరితే మింగుతుంది. ముక్కు నాక్కుందంటే మింగినట్టే. తర్వాత కాసిని నీళ్ళు తాగించాలి. బిళ్ళ అన్నవాహికలో ఇరుక్కుంటే పుండు పడుతుంది.

నీళ్ళమందైతే సూదిలేని సిరంజితో బుగ్గసందులో కొంచెం కొంచెంగా పొయ్యండి. పశువుకి గొట్టంతో పోసినట్టు తల పైకెత్తి పోస్తే మందు ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణంమీదికి వస్తుంది. దగ్గితే ఆపేసి తల దించనివ్వండి.

డాక్టరుని అడక్కుండా బిళ్ళని పొడి చెయ్యకండి. కొన్నింటికి పైపూత ఉండేది అవి పొట్టలో ముందే కరగకుండా ఉండడానికే. మనం వేసుకునే పారాసిటమాల్, ఐబూప్రొఫెన్ సొంతంగా వెయ్యకండి, అవి కుక్కకి విషం కావచ్చు.

ఇంకో ముఖ్యమైన మాట. చొంగ కారుస్తూ, మింగలేక, దవడ వేలాడేసి, తీరు మారిన కుక్క నోట్లో చెయ్యి పెట్టకండి. అది రేబిస్ కావచ్చు, డాక్టరునే పిలవాలి. మందు వేసేటప్పుడు పన్ను గీరుకున్నా సబ్బునీళ్ళతో 15 నిమిషాలు కడిగి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళండి. మన కుక్కేగా అని ఊరుకోకూడదు.

మందు మింగాక తల నిమిరి, ఇష్టమైన ముక్క ఒకటి పెట్టండి. మర్నాడు మీరు పిలిస్తే అదే వస్తుంది.