గీతకు కలం, రంగుకు కుంచె

మీరిచ్చిన కంప్యూటర్ల మీద పిల్లలకు ఏం నేర్పుతున్నామో చెప్పడం మా బాధ్యత.

విండోస్ ప్రోగ్రాములో బొమ్మకు రెండు పనిముట్లు. 'పెన్' అంచు గీస్తుంది, 'బ్రష్' లోపల రంగు నింపుతుంది. బందరు కలంకారీ అద్దకమూ అంతే. పెడనలో కరక్కాయ నీళ్లలో తడిపి ఆరబెట్టిన గుడ్డపై ముందు అంచు అచ్చుతో నల్లగీత అద్దుతారు. తుప్పు ఇనుము, బెల్లం కలిపి ఊరబెట్టి ఆ నలుపు తీస్తారు. తరువాత వేరే అచ్చులతో లోపలి భాగం నింపుతారు.

కంప్యూటరులో మాత్రం ఈ వరస తిరగబడాలి. పెన్ను గీత సగం అంచుకు లోపల, సగం బయట పడుతుంది. ఆ పైన రంగు నింపితే లోపలి సగం కప్పుకుపోయి, 4 పిక్సెళ్ల గీతలో 2 మాత్రమే మిగులుతాయి. అందుకే ముందు రంగు, తరువాత గీత.

అద్దకం పనివారి పిల్లలు ఈ మాట ఇట్టే అందుకుంటారు. కలం, కారీ అనే మాటలు పారసీ నుంచి వచ్చాయని, గోల్కొండ సుల్తానుల ఏలుబడిలో ఈ గుడ్డలు బందరు రేవు నుంచి పారశీక దేశానికి వెళ్లేవని చెబుతాము. ఇంటి పనికీ ఈ చదువుకూ చుట్టరికం ఉందని తెలిస్తే పిల్లలకు బెరుకు పోతుంది.

ఇప్పుడు ఒక్కో కంప్యూటరు ముందు ముగ్గురు కూర్చుంటున్నారు. ఒకరు చేస్తుంటే ఇద్దరు చూస్తారు. చెయ్యి పెడితేగాని పని రాదు. ఆ ఇద్దరి కోసమే మీ సాయం కోరుతున్నాము.