బిగుతు ఆటదుస్తులు - ఎవరిచేత కుట్టించవలెను?

మర్పల్లి పరిసరములలో పత్తి పండును. ఆటదుస్తుల వ్యాపారము చేయదలచిన అక్కడి యువకులకు ముడిసరకు మన ముంగిటనే ఉన్నదని తోచుట సహజము. బనీనుల విషయములో ఆ మాట కొంత చెల్లును. కాని నేడు కబడ్డీ ఆటగాండ్రును, పరుగుపందెముల వారును కోరుచున్న కంప్రెషన్ దుస్తులకు, అనగా ఒంటిని అంటిపెట్టుకొని కండరములను అదిమిపట్టు బిగుతు దుస్తులకు, వట్టి పత్తి పనికిరాదు. అది చెమటను పీల్చి బరువెక్కును. సాగినచోట సాగినట్లే ఉండిపోవును.

ఈ దుస్తులకు ప్రాణము స్పాండెక్సు దారము. 1958లో అమెరికాలోని డ్యూపాంట్ సంస్థలో జోసెఫ్ షైవర్స్ అను రసాయన శాస్త్రజ్ఞుడు దీనిని కనుగొనెను. లైక్రా అనునది దానికి ఆ సంస్థ పెట్టిన వ్యాపారనామము. నైలాను లేక పాలియెస్టరు దారముతో నూటికి 15 మొదలు 30 పాళ్ళ వరకు స్పాండెక్సును కలిపి అల్లుదురు. ఆ పాలు తగ్గినకొలది బట్ట చౌక యగును, పట్టు సడలును. ధరలో మోసము సాధారణముగా ఇక్కడనే జరుగును.

మన తెలుగునాట ఇట్టి పరిశ్రమ లేకపోలేదు. అనకాపల్లి జిల్లా అచ్యుతాపురములో శ్రీలంకకు చెందిన బ్రాండిక్స్ సంస్థ వేయి ఎకరాలలో వస్త్రనగరమును నెలకొల్పినది. అక్కడ వేలాది స్త్రీలు విదేశీ సంస్థల కొరకు దుస్తులు కుట్టుచున్నారు. అయితే మూడు నాలుగు వందల జతలు కావలసిన చిన్నవారికి అంతటి కర్మాగారముతో పొత్తు కుదరదు. వారు తిరుప్పూరు, లూధియానా వంటి అల్లిక బట్టల పట్టణములలోని చిన్న కార్ఖానాలను ఆశ్రయింపవలసి యుండును. అక్కడ సైతము ఇన్ని జతలకు తక్కువ తీసికొనమని నియమము పెట్టుదురు. అది గర్వము కాదు. రంగుతొట్టి ఒకసారి నిండవలెనన్న ఇంత బట్ట కావలెనని లెక్క యుండును. కనుక తొలిసారి నాలుగు రంగులు కోరక, సిద్ధముగా నిలువయున్న నలుపు బట్టతో సరిపుచ్చుకొనుట మేలని మా అభిప్రాయము.

ధర అడుగుటకు ముందు కుట్టుయంత్రమును చూడవలెను. ఒంటికి ఒరసికొను దుస్తులకు ఫ్లాట్‌లాక్ కుట్టు అవసరము. అందులో అంచులు చదునుగా పరచుకొనును. మామూలు ఓవర్‌లాక్ కుట్టు లోపల గట్టువలె నిలిచి, గంటసేపు పరుగెత్తువాని తొడను రాచి పుండు చేయును. కొందరు పనిని మరియొకరికి జాబ్ వర్కుగా ఇత్తురు. అందు తప్పు లేదు గాని, కుట్టునది ఎవరో మనకు తెలిసి యుండవలెను.

నమూనా చేతికి వచ్చిన పిమ్మట పరీక్షకు ప్రయోగశాలయే అక్కరలేదు. బట్టపై 10 సెంటీమీటర్ల ఎడముతో రెండు గీతలు గీచి, 15 వరకు సాగదీసి, నిమిషము పట్టి విడువవలెను. కొంతసేపటికి ఆ ఎడము తిరిగి పదికి చేరవలెను. ఇరువది ఉతుకుల తరువాత ఇదే పరీక్ష మరల చేయవలెను; పదిన్నర దాటినచో ఆ బట్టను మేము ఒప్పుకొనము. పొడవు వెడల్పులు పదేసి సెంటీమీటర్లుగా ఒక ముక్కను కత్తిరించి కంసాలి త్రాసులో తూచినచో, 2.2 గ్రాములున్న ఎడల చదరపు మీటరుకు 220 గ్రాములన్నమాట. నమూనాలో తూగిన బరువు సరకులోను తూగవలెను.

ఇక కొలతలు. ఈ దుస్తులను శరీరపు కొలతకన్న తక్కువగా కత్తిరింతురు. విదేశీ పటమును యథాతథముగా వాడినచో కబడ్డీ ఆడు మన కుర్రవాని తొడకు పట్టదు, నడుమున జారును. కావున ప్రతి సైజులోను ఒక్కొక్క జత కుట్టించి, ఆటగాండ్రకే తొడిగి చూడవలెను. కాలు తిమ్మిరెక్కినను, చర్మముపై లోతుగా అచ్చులు పడినను ఆ బిగువు మితిమీరినదే.

ఈ దుస్తులు వేగమును పెంచునని అట్టపై అచ్చువేయింతుమని కొందరు తయారీదారులు ఆశపెట్టుదురు. ఆట తరువాతి కండరాల నొప్పి కొంత తగ్గునని పరిశోధనలు చెప్పుచున్నవి. వేగము పెరుగునన్నది గట్టిగా రుజువు కాలేదు. అట్టి వ్రాతను తానే వలదనువాడు దొరికినచో, రెండు రూపాయలు ఎక్కువైనను అతనితోనే బేరము చేయవచ్చును. ఒప్పుకొన్న నమూనాపై ఇరువురు సంతకము చేసి, ఒకటి మీ దగ్గర, ఒకటి అతని దగ్గర ఉంచుకొనవలెను. వచ్చిన సరకును దానితో పోల్చి చూచిన పిమ్మటనే మిగిలిన సొమ్ము చెల్లింపుడు.