‘పాలు పడలేదంట’ అంటే కంగారు పడొద్దు

ఊళ్లో ఇల్లాలికి కాన్పు అయిందన్న కబురు అందగానే గల్ఫ్‌లో ఉన్న మనలో చాలామందికి గుర్తొచ్చేది పాలపొడి డబ్బాలే. ‘పాలు పడలేదంట’ అని అమ్మ ఫోన్‌లో అంటే, ఇంటికెళ్లే వాళ్ల చేతికి నాలుగు డబ్బాలు ఇచ్చేస్తాం. మొదటి రోజుల్లో ఏం జరుగుతుందో తెలిస్తే ఈ కంగారు సగం తగ్గుతుంది.

కాన్పయిన గంటలోపే బిడ్డకు రొమ్ము పట్టించాలి. మొదట వచ్చే చిక్కటి ముర్రుపాలు చెంచాల లెక్కనే ఉంటాయి. పసిగుడ్డు పొట్టకు అవే చాలు, పిండి పారబోయొద్దు. రెండు నుంచి నాలుగు రోజుల్లో పాలు బాగా పడతాయి. అప్పుడు రొమ్ములు గట్టిపడి సలుపుతాయి. తరచూ పట్టిస్తే సర్దుకుంటుంది. రోజుకు 8 నుంచి 12 సార్లు, రాత్రిళ్లు కూడా తాగడం మామూలే. చనుమొనలు పగిలి మంట పెడుతుంటే చాలావరకు బిడ్డ నోరు సరిగా పట్టకపోవడమే కారణం. నర్సును అడిగితే పట్టించే తీరు చూపిస్తుంది.

మరి పాలు చాలుతున్నట్టు ఎలా తెలుస్తుంది? అయిదో రోజు నుంచి రోజుకు ఆరుసార్లయినా మూత్రం పోస్తూ, రెండు వారాలకల్లా పుట్టినప్పటి బరువుకు వస్తే చాలినట్టే. డాక్టర్ చెప్పకుండా డబ్బాపాలు మొదలుపెడితే బిడ్డ రొమ్ము తాగడం తగ్గుతుంది, దాంతో తల్లికి పాలూ తగ్గుతాయి. ఆరు నెలల దాకా ఎండాకాలంలోనూ మంచినీళ్లు అక్కర్లేదు.

పత్యం పేరుతో బాలింతకు నీళ్లు, కూరలు తగ్గించొద్దని అమ్మకు మనమే నచ్చజెప్పాలి. తల్లికి జ్వరమొచ్చి రొమ్ము ఎర్రబడినా, బిడ్డ మత్తుగా పడుకుని తాగకపోయినా వెంటనే డాక్టర్‌కు చూపించమనాలి. ఫోన్ చేసినప్పుడల్లా ‘పాలు వస్తున్నాయా’ అని నిలదీయకుండా, ‘తిన్నావా, కాస్త నిద్రపోయావా’ అని అడుగుదాం.